ఫుల్ హెచ్‌డీనా, 4కేనా? ముందు హాలు కొలవండి

టేపు తీసుకుని సోఫా నుంచి టీవీ దాకా కొలవండి. ఫుల్ హెచ్‌డీ బొమ్మలో 1920×1080 చుక్కలు (పిక్సెళ్లు), 4కేలో 3840×2160, అంటే నాలుగింతలు. మామూలు చూపుకి ఆ తేడా అందాలంటే 43 అంగుళాల టీవీకి దాదాపు ఐదున్నర అడుగుల లోపు, 55 అంగుళాలకి ఏడడుగుల లోపు కూర్చోవాలి. నెల్లూరైనా ఒంగోలైనా, సోఫాని వెనక గోడకి ఆనించి పదడుగుల దూరం నుంచి 43 అంగుళాల టీవీ చూసేవాళ్లు చుక్కల కోసం ఓటీటీలో ఖరీదైన 4కే ప్లాను కట్టడం దండగ.

4కేతో వచ్చే హెచ్‌డీఆర్ (వెలుగునీడల్ని, రంగుల్ని ఇంకా బాగా చూపే పద్ధతి) సంగతి వేరు. ఆ వెలుగునీడలు, రంగులు దూరం నుంచీ తెలుస్తాయి. కానీ టీవీ తెరకి వెలుతురు సత్తా ఉండాలి. చవక టీవీలో హెచ్‌డీఆర్ పెడితే బొమ్మ ఇంకా మసకేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం వీధి తలుపు బార్లా తీసి చూస్తే ఏదైనా ఒకటేలెండి.

నెట్‌ఫ్లిక్స్ ఫుల్ హెచ్‌డీకి 5 ఎంబీపీఎస్ నెట్ వేగం, 4కేకి 15 అడుగుతుంది. 4కే గంటకి 7 జీబీ దాకా లాగుతుంది. 100 ఎంబీపీఎస్ ఫైబర్ ఉన్నా బొమ్మ గళ్లు గళ్లుగా వస్తుంటే ముందు వైఫైని అనుమానించండి: రూటరుకీ టీవీకీ మధ్య రెండు గోడలుంటే సిగ్నల్ నీరసిస్తుంది. లాన్ వైరు లాగండి. విడిగా స్ట్రీమింగ్ పెట్టె వాడుతుంటే, టీవీ సెట్టింగుల్లో దాని వైరు గుచ్చిన హెచ్‌డీఎంఐ పోర్టుని ‘ఎన్‌హాన్స్‌డ్’కి మార్చండి. చాలా టీవీల్లో అది మార్చేదాకా 4కే హెచ్‌డీఆర్ పూర్తిగా రాదు.

పాత సినిమాని ఫుల్ హెచ్‌డీ కాపీ నుంచి సాగదీసి 4కే అని పెడితే, కొత్త వివరమేమీ పుట్టదు.