సీడీనని చెప్పుకున్న వైఫై డాంగిల్: మూడేళ్ల వాడకం తర్వాత

2022 దసరా సెలవుల్లో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో ఒక చిన్న వైఫై డాంగిల్ కొన్నాను, అంటే యూఎస్‌బీలో పెడితే కంప్యూటర్‌కు వైఫై ఇచ్చేది. గోరంత ఉంటుంది, ధర ఐదు వందల లోపే. రౌటర్ కింద హాల్లో ఉంది, నా పాత డెస్క్‌టాప్ మేడ మీద గదిలో ఉంది. దానికి వైఫై లేదు, మెట్ల వెంట కేబుల్ లాగడానికి ఇంట్లో ఒప్పుకోలేదు. నేను వాడే ఆపరేటింగ్ సిస్టమ్ విండోస్ కాదు, లైనక్స్. "లైనక్స్‌లో పనిచేస్తుందా?" అని అడిగితే షాపతను "పెట్టంగనే అయితది అన్నా" అన్నాడు. పెట్టగానే అయితే ఈ సమీక్ష రాసే పనే ఉండేది కాదు.

పెట్టాను. డెస్క్‌టాప్ మీద ఒక సీడీ బొమ్మ వచ్చింది. వైఫై జాబితా మాత్రం ఖాళీ. నా సీపీయూలో సీడీ డ్రైవ్ పీకేసి చాలా కాలమైంది, మరి ఈ సీడీ ఎక్కడిది? తెరిచి చూస్తే అందులో విండోస్ సెటప్ ఫైల్ ఒకటి ఉంది. పక్కనే ఉన్న మా అమ్మాయి "నాన్నా, సీడీ అంటే ఏంటి?" అంది. దానికి సమాధానం చెప్పడమే ఆ రోజు నేను పూర్తి చేసిన పని.

టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అనే కమాండ్ కొట్టాను, యూఎస్‌బీలో ఏమేం పెట్టి ఉన్నాయో అది చూపిస్తుంది. నంబరు 0బీడీఏ:1ఏ2బీ, పేరు రియల్‌టెక్ 8188జీయూ, ఆ పక్కన 'డ్రైవర్ సీడీరామ్ మోడ్' అని ఉంది. నేను మొదటి సగమే పట్టుకుని, చివరి మూడు మాటలను గాలికి వదిలేశాను. రెండు రాత్రులు 8188జీయూ డ్రైవర్ (ఆ చిప్‌ను నడిపే ప్రోగ్రాం) వెతికి, కంపైల్ చేసి, ఎక్కించి, మళ్లీ పీకాను. డాంగిల్‌లో చలనం లేదు. పైగా డ్రైవర్ దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ఫోన్‌ను కేబుల్‌తో కలిపి టెథరింగ్ పెట్టుకుని గట్టెక్కాను. మీరూ ముందు ఆ పనే చేయండి.

మూడో రోజు అట్టపెట్టె మళ్లీ చదివితే అసలు అనుమానం వచ్చింది. పెట్టె మీద 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ (వేగం ఎక్కువుండే వైఫై) ఉందని రాశారు. 8188జీయూ అయితే 2.4 మాత్రమే పట్టే చిప్. అంటే షాపతను నన్ను మోసం చేసి ఉండాలి, లేదా కంప్యూటర్ చెప్పే పేరు తప్పై ఉండాలి. నేను మొదటిదే నమ్మేసి ఒక పూట మనసులో బాగానే తిట్టుకున్నాను. తప్పు కంప్యూటర్ చెప్పిన పేరుదే.

జరిగేది ఇది. ఇలాంటి డాంగిళ్లు పెట్టిన వెంటనే తమను వైఫైగా పరిచయం చేసుకోవు. ముందు సీడీ డ్రైవ్‌లా కనబడతాయి. విండోస్ వాళ్లు అందులోని సెటప్ నొక్కితే డ్రైవర్ ఎక్కుతుంది, అప్పుడు సీడీ వేషం తీసేసి అసలు రూపంలోకి వస్తాయి. ఒకప్పటి 3జీ డాంగిళ్లూ ఇదే నాటకం ఆడేవి. చిక్కేమిటంటే, ఆ వేషంలో ఉన్నప్పుడు వేర్వేరు చిప్‌లు ఒకటే నంబరు చెబుతాయి. లైనక్స్ ఆ నంబరును తన జాబితాలో వెతికి, దాని ఎదురుగా ఉన్న పేరు చదువుతుంది, అంతే. లోపల అసలు ఏ చిప్ ఉందో దానికి అప్పటికి తెలియదు.

మందు ఎంత చిన్నదంటే నాకు నవ్వొచ్చింది. ఆ సీడీ బొమ్మ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కాను. డాంగిల్ ఒక క్షణం మాయమై, 0బీడీఏ:సీ811 అనే కొత్త నంబరుతో తిరిగొచ్చింది. అది 8811సీయూ చిప్, 5 గిగాహెర్ట్జ్ ఉన్నదే. ఆ షాపతనికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాను.

కథ అక్కడితో అయిపోలేదు. అప్పుడు నాది లైనక్స్ మింట్ 21, దాని కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయలాంటి ప్రోగ్రాం) 5.15. అందులో ఈ చిప్‌కు డ్రైవర్ లేదు. గిట్‌హబ్ అనే కోడ్ సైట్‌లో పెట్టిన డ్రైవర్‌ను డీకేఎంఎస్‌తో (కెర్నల్ మారినప్పుడల్లా డ్రైవర్‌ను మళ్లీ తయారుచేసే ఏర్పాటు) ఎక్కించాను. సెక్యూర్ బూట్ (సంతకం లేని డ్రైవర్లను లోపలికి రానివ్వని కాపలా) ఆన్‌లో ఉంది కాబట్టి రీస్టార్ట్‌లో నీలం తెర వచ్చి కీ నమోదు చేయమంది. ఆ తెరను చూసి కంగారుపడి దాటేస్తే డ్రైవర్ లోడ్ కాదు. నేను ఒకసారి దాటేశాను కూడా.

ఇంకో తలనొప్పి కరెంటుది. ఊరికే రీస్టార్ట్ చేస్తే డాంగిల్ వైఫైగానే ఉండేది. కరెంటు పోయి వచ్చిందంటే మళ్లీ సీడీ వేషమే. ప్రతిసారీ ఎజెక్ట్ కొట్టలేక యూడెవ్ రూల్ ఒకటి రాసుకున్నాను, అంటే ఫలానా పరికరం కనబడితే ఫలానా పని చేయమని లైనక్స్‌కు చెప్పే సూచన. 0బీడీఏ:1ఏ2బీ కనబడగానే యూఎస్‌బీ మోడ్‌స్విచ్ ప్రోగ్రాం నడవాలి, అదీ మైనస్ పెద్ద కే ఆప్షన్‌తో. ఆ ఆప్షన్ చేసేది కూడా ఎజెక్టే, మన చేతి బదులు. అప్పటి నుంచి ఆ సీడీ బొమ్మ నా కంట పడలేదు.

2023 ఫిబ్రవరిలో వచ్చిన కెర్నల్ 6.2తో ఈ చిప్ డ్రైవర్ కెర్నల్‌లోనే చేరింది. నాకు ఆ సుఖం 2024లో మింట్ 22కు మారాకే దక్కింది, దానిలో కెర్నల్ 6.8. మారిన రోజు మాత్రం వైఫై పట్టడం, వదలడం, పట్టడం. కొత్త డ్రైవర్ మీద చాలా విసుక్కున్నాను. తీరా చూస్తే నా పాత డీకేఎంఎస్ డ్రైవర్ ఇంకా లోపలే ఉండి, దానితో కుస్తీ పడుతోంది. పాతదాన్ని తీసేశాక గొడవ ఆగింది. సీడీ వేషం మాత్రం కొత్త కెర్నల్‌లోనూ ఉంటుంది, ఆ రూల్ తీసేయకండి.

ఇక పనితనం. పెట్టె మీద 600 ఎంబీపీఎస్ అని రాసింది 2.4లోని 150, 5లోని 433 కలిపి, పైకి సర్దిన లెక్క. రెండూ ఒకేసారి రావు. మా ప్లాన్ 100 ఎంబీపీఎస్. రౌటర్ పక్కన పెడితే దాదాపు మొత్తం వచ్చింది, మేడ మీద 5 గిగాహెర్ట్జ్‌లో 45 నుంచి 60 వరకు వస్తోంది. 2.4లో పాతిక దాటితే గొప్ప. సీపీయూ వెనకున్న యూఎస్‌బీ 3 పోర్టులో హార్డ్‌డిస్క్ పెట్టినప్పుడు 2.4 మరీ చచ్చుబడేది. యూఎస్‌బీ 3 రొద ఆ బ్యాండ్‌ను దెబ్బతీస్తుందనేది తెలిసిన విషయమే. మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరు కొని డాంగిల్‌ను కిటికీ పక్కకు జరిపాను. ఈ మూడేళ్లలో దాని మీద పెట్టిన ఖర్చుల్లో బాగా పనికొచ్చింది ఆ వైరే. వేసవిలో డాంగిల్ వేలు పెట్టలేనంత వేడెక్కుతుంది, అయినా ఇప్పటిదాకా చావలేదు.

మళ్లీ కొంటానా? విండోస్ మాత్రమే వాడేవాళ్లయితే నిశ్చింతగా కొనుక్కోవచ్చు. లైనక్స్ అయితే మీ కెర్నల్ 6.2 గానీ అంతకంటే కొత్తది గానీ అవునో కాదో చూసుకోండి. పాత కెర్నల్‌తోనే ఉండాల్సి వస్తే మీడియాటెక్ 7612యూ చిప్ ఉన్నది వెతకండి, దానికి 4.19 నుంచే డ్రైవర్ ఉంది, కాకపోతే ధర ఎక్కువ. పెట్టె మీద చిప్ పేరు ఉండదు, షాపులో అడిగినా చెప్పలేరు. కొనేటప్పుడు "పనిచేయకపోతే రెండు రోజుల్లో వాపస్ తీసుకుంటారా?" అని అడిగి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.