సంతన్యీ ఆర్గన్ శాంపిల్ సెట్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

స్పెయిన్‌లోని ఒక పాత చర్చి ఆర్గన్ గొట్టాల శబ్దాలని రికార్డు చేసి, కంప్యూటర్‌లో వాయించుకునేలా అమ్మే సెట్ ఇది. ముందే చెప్పేస్తున్నా, జర్మన్ స్వరకర్త బాఖ్ రచనలు వాయించుకుందామని ఈ సెట్ వైపు చూస్తుంటే మాత్రం ఆ డబ్బు దాచుకోండి. బాఖ్‌కి రెండు కాళ్లకీ చేతినిండా పని పెట్టే పూర్తి పెడల్‌బోర్డు, అంటే కాళ్లతో నొక్కే మెట్ల వరుస కావాలి. పాత స్పానిష్ ఆర్గన్లలో పెడల్ అంటే మంద్రంలో ఏదో ఒక స్వరం పట్టి ఉంచడానికి పెట్టిన కొన్ని చెక్క మెట్లు, అంతే. ఏ జర్మన్ ఆర్గన్ సెట్టో కొనుక్కుంటే మీకూ సుఖం, అది చేసినవాళ్లకీ సుఖం.

నాలాగా ఇంట్లో కంప్యూటర్‌కి తగిలించే మిడి కీబోర్డు ఒకే ఒక్కటి ఉండి, పెడల్‌బోర్డు కొనే స్తోమతా పెట్టుకునే చోటూ రెండూ లేనివాళ్ల సంగతి వేరు. జర్మన్, ఫ్రెంచ్ సెట్లు ఏవి వేసుకున్నా నాకు ఎప్పుడూ ఏదో తక్కువైనట్టే ఉండేది. పైన ఇంకో కీబోర్డు ఉండాల్సింది, కింద పెడల్ ఉండాల్సింది అనిపించేది. ఇది వచ్చాక ఆ బెంగ పోయింది.

అసలు ఆర్గన్ మయోర్కా దీవిలో సంతన్యీ అనే ఊళ్లో, సంత్ ఆంద్రేయు చర్చిలో ఉంది. పాల్మా నగరంలోని డొమినికన్ మఠం కోసం జోర్ది బోస్క్ అనే ఆర్గన్ నిర్మాత దాన్ని 1760లలో కట్టాడు. 1830లలో స్పెయిన్ ప్రభుత్వం మఠాల ఆస్తులన్నీ లాక్కుని అమ్మేసిన రోజుల్లో ఆ మఠాన్ని నేలమట్టం చేశారు. ఆర్గన్ మాత్రం ఈ ఊరికి చేరి బతికి బట్టకట్టింది. ఇదే బోస్క్ తర్వాత మాడ్రిడ్ రాజభవనంలో చేసిన ఆర్గన్ ఇప్పటికీ ఉంది. సెవిల్ కెథడ్రల్‌లో చేసినది 1888లో గుమ్మటం కూలినప్పుడు పోయింది. అంటే మన కంప్యూటర్‌లోకి వచ్చింది ఆషామాషీ ఆర్గన్ కాదు.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. చర్చిలో మైకులు పెట్టి ఒక్కో గొట్టాన్ని విడివిడిగా పలికించి రికార్డు చేస్తారు. మెట్టు వదిలాక చర్చిలో తిరిగే మోత కూడా అందులో ఉంటుంది. హౌప్ట్‌వెర్క్ లాంటి సాఫ్ట్‌వేర్ ఆ శాంపిల్స్‌ని మెమరీలో పెట్టుకుని, మనం కీబోర్డు నొక్కినప్పుడు పలికిస్తుంది. స్టాప్‌లు, అంటే ఏ రకం గొట్టాలు పలకాలో ఎంచుకునే లాగుడు పిడులు, తెర మీద మౌస్‌తో లాగాలి.

ఇక అసలు విషయం, సగం స్టాప్‌లు. స్పానిష్ ఆర్గన్లలో స్టాప్‌ని మధ్యకి రెండుగా కోస్తారు, ఎడమ సగానికి ఒక లాగుడు, కుడి సగానికి ఒకటి. స్పెయిన్ నడిమి ప్రాంతమైన కాస్తిల్ పద్ధతిలో ఆ గీత మధ్య సి కి, దాని పక్కనున్న సి షార్ప్‌కి నడుమ పడుతుంది. ఎడమ వైపు ఫ్లౌతాదో అనే నెమ్మదైన స్టాప్ పెట్టి కుడి వైపు కోర్నెటా అనే గుప్పున పలికే స్టాప్ పెట్టారనుకోండి, ఒకే కీబోర్డు మీద ఎడమ చెయ్యి తోడు పలుకుతుంటే కుడి చెయ్యి పాట పాడుతుంది. మరుసటి పాటలో తిరగేసి, కింది సగానికి గరగరలాడే రీడ్ స్టాప్ ఇచ్చి పైన మెత్తగా ఉంచుకోవచ్చు. స్పానిష్ స్వరకర్త కొర్రెయా దె అరౌక్సో 1626లో అచ్చు వేయించిన పుస్తకంలో ఈ సగం స్టాప్‌ల కోసమే రాసిన తియెంతోలు (ఒక రకం ఆర్గన్ రచనలు) బోలెడున్నాయి. వేరే ఆర్గన్ సెట్ల మీద వాటిని రెండు కీబోర్డుల మీద పంచుకుని వాయించేవాళ్లున్నారు, వినడానికి బాగానే ఉంటుంది, కానీ ఆ గీత దగ్గర జరిగే తమాషా పోతుంది. పాడుతున్న గొంతు సి షార్ప్ దాకా దిగి అక్కడ ఆగుతుంది, ఎందుకంటే ఒక్క మెట్టు కిందికి జారితే అది ఇంకో గొంతు. కొర్రెయా ఆ అంచు మీద ఎలా నడిచాడో వేళ్లకి తెలియాలంటే సగం స్టాప్ ఉండాల్సిందే.

అడ్డంగా ముందుకు పొడుచుకొచ్చిన బాకాల గురించి అందరూ అడుగుతారు. ఫొటోల్లో మొదట కనిపించేవి అవే కదా. మామూలు గొట్టాలు నిలువుగా పెట్టె లోపల ఉంటాయి, వీటి నోరు మాత్రం నేరుగా జనం మీదికి తెరిచి ఉంటుంది. పెళ్లి పందిట్లో సన్నాయి బృందం పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. స్పానిష్ స్వరకర్త కబనీయెస్ రాసిన బతాయాలు, అంటే యుద్ధాన్ని అనుకరించే రచనలు, ఒకటి రెండు వీటితో వాయించడం మహా సరదా. ఆ తర్వాత చెవులు హోరెత్తుతాయి. హెడ్‌ఫోన్స్‌లో అయితే ఇవి వేసిన కాసేపటికే నేను తీసి పక్కన పెట్టేస్తాను. స్పీకర్లలో నయం, కానీ అపార్ట్‌మెంట్‌లో గోడ అవతలివాళ్ల ఓర్పు కూడా లెక్కలోకి వస్తుంది. పైగా మైకు ఎక్కడుంటే మన చెవి అక్కడే, నాలుగడుగులు వెనక్కి వేసి వినే వీల్లేదు. ఇది ఈ ఒక్క సెట్ లోపం కాదు, చర్చి మోతతో కలిపి రికార్డు చేసిన ఏ సెట్ అయినా అంతే.

రోజూ వాడేది నిజానికి ఆ బాకాలు కాదు, ఫ్లౌతాదో ఒక్కటే. కింది స్వరాలు పట్టుకున్నప్పుడు గాలి గొట్టంలోకి దూరే ముందు చిన్నగా ఉమ్మినట్టు చప్పుడు, ఆ తర్వాత స్వరం నిండుకోవడం స్పష్టంగా వినిపిస్తాయి. ఏ రెండు మెట్లూ ఒకేలా మొదలవ్వవు, ఒకటి ముందే పలుకుతుంది, పక్కది కొంచెం బద్ధకిస్తుంది. కొత్తలో ఇది కీబోర్డు లోపమేమో, లేటెన్సీయేమో (నొక్కాక శబ్దం ఆలస్యంగా రావడం) అని టెన్షన్ పడేవాళ్లుంటారు. కాదు, గొట్టాలే అంత. హార్మోనియంలో తిత్తి మన చేతిలో ఉంటుంది కాబట్టి గాలితో భావం పలికిస్తాం. ఇక్కడ గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే, మన చేతిలో ఉన్నదల్లా ఎప్పుడు నొక్కుతాం, ఎప్పుడు వదులుతాం అన్నదే.

శ్రుతి సంగతి మనవాళ్లకి బాగా నచ్చాలి. సాఫ్ట్‌వేర్‌లో ట్యూనింగ్ మార్చుకోవచ్చు, పదిహేడో శతాబ్దం సంగీతానికి నేను మీన్‌టోన్ అనే పాత యూరప్ శ్రుతి పద్ధతి పెడతాను. అందులో మేజర్ థర్డ్ శుద్ధంగా, 5:4 నిష్పత్తిలో ఉంటుంది, అంటే తంబురా మీటాక దానంతట అదే వినిపించే అంతర గాంధారమే. మామూలు హార్మోనియంలో, కీబోర్డుల్లో ఆ గాంధారం సుమారు 14 సెంట్లు ఎక్కువ (సెంటు అంటే పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు). (ఆలిండియా రేడియో 1940 నుంచి మూడు దశాబ్దాలు హార్మోనియాన్ని దూరం పెట్టడానికి చెప్పిన కారణాల్లో ఈ శ్రుతి గొడవ కూడా ఉంది.) మీన్‌టోన్‌లో సి మేజర్ పట్టుకుని వదలబుద్ధి కాదు. దానికి ఖరీదు కూడా ఉంది, జి షార్ప్, ఇ ఫ్లాట్ కలిపి పట్టుకుంటే ఊళ వినిపిస్తుంది, కాబట్టి చర్చి కీర్తనని ఇష్టమొచ్చిన శ్రుతికి ఎత్తి వాయిస్తామంటే కుదరదు.

లోపాలు కూడా చెప్పాలి. స్టాప్‌లు ఎక్కువ లాగి మెట్లు గబగబా కొట్టి వదిలితే వెనకాల మోత గజిబిజి అవుతుంది. నిజమైన గదిలో పొట్టి స్వరానికి మోత నిండేంత సమయం ఉండదు, అందుకే మంచి సెట్లలో పొట్టి, మధ్య, పొడుగు స్వరాలు వదిలినప్పుడు వచ్చే మోతలు వేరువేరుగా రికార్డు చేస్తారు. ఇక్కడా ఆ జాగ్రత్త తీసుకున్నారు గానీ, అతి వేగంలో అతుకు నాకు వినిపిస్తూనే ఉంది. ప్రతి శాంపిల్ వెనకా గాలిమిషన్ సన్నటి హోరు ఉంటుంది, పది గొట్టాలు కలిస్తే పది హోరులూ కలుస్తాయి. దాన్ని శుభ్రం చేస్తే స్వరంలో జీవం పోతుంది, చెయ్యకపోతే హోరు. ఈ సెట్ చేసినవాళ్లు కొంచెం హోరు ఉంచారు, నేనైతే వాళ్ల పక్షమే.

కంప్యూటర్ విషయం క్లుప్తంగా. 16 జీబీ ర్యామ్‌తో మొదలుపెట్టి 16 బిట్‌లో లోడ్ చేసుకుంటే నడిచింది, 24 బిట్ కావాలంటే 32 వేయించక తప్పలేదు. ఎస్‌ఎస్‌డీ లేకుండా అసలు వద్దు. కరెంటు పోయే ఏరియా అయితే యూపీఎస్ పెట్టుకోండి, మళ్లీ లోడయ్యేదాకా ఎదురుచూడటం మహా చికాకు. 61 మెట్ల కీబోర్డు చాలు. పాత ఆర్గన్‌కి అన్ని మెట్లు లేవు కాబట్టి పైన కొన్ని పలకవు, రిపేరుకి ఇవ్వకండి.

డబ్బు పెట్టే ముందు ఉచితంగా దొరికే గ్రాండ్‌ఆర్గ్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా చిన్న ఉచిత సెట్ వేసుకుని మీ సౌండ్ కార్డు, కీబోర్డు సరిగ్గా పనిచేస్తున్నాయో చూసుకోండి. తాళం వేసిన, అంటే ఎన్‌క్రిప్ట్ చేసిన సెట్లు అందులో తెరుచుకోవు. కొనబోయే సెట్ ఏ రకమో అమ్మేవాళ్లని ముందే అడిగి, అప్పుడు కార్డు గీకండి.