ఒకే ఆకారం, నాలుగు కర్రలు: లేత్ మీద తీసిన చెక్క యోయోల సెట్

చెక్క యోయో కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ కర్ర మంచిదని. జవాబు తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి సెట్ నాకు ఇంతవరకు దొరకలేదు. ఒక్కొక్కటీ లేత్ మీద సొంతంగా తీసే ఒక పనివాడి దగ్గర తెప్పించుకున్నాను. నాలుగింటికీ వ్యాసం 57 మిల్లీమీటర్లు, అంచులు గుండ్రం, ఇరుసు 6 మిల్లీమీటర్ల మేపుల్ పుల్ల. మారింది పక్కల కర్ర ఒక్కటే. నా తూకంలో టేకు 42 గ్రాములు, మేపుల్ 46, రోజ్‌వుడ్ 54, నల్లటి ఎబొనీ 66 వచ్చాయి.

బరువైన కర్రయితే దారం చివర ఎక్కువసేపు తిరుగుతుందని, అంటే ఎక్కువసేపు 'స్లీప్' అవుతుందని చాలామంది నమ్మకం. ఈ సెట్‌తో ఆడితే ఆ నమ్మకం నిలవదు. ఒకే ఊపుతో విసిరితే నాలుగూ 15 సెకన్ల అటూఇటూగా ఆగిపోతున్నాయి. ఎందుకంటే బరువు పెరిగితే తిరుగుడులో దాగే శక్తి పెరిగే మాట నిజమే కానీ, అదే బరువు ఇరుసును దారం మీద అంతే గట్టిగా నొక్కుతుంది. శక్తి ఎంత పెరిగిందో రాపిడీ అంతే పెరుగుతుంది. ఆకారం ఒకటే అయినప్పుడు ఎంతసేపు తిరగాలో తేల్చేవి విసిరిన వేగం, ఇరుసు మందం, ఇరుసు నునుపు. లోహపు యోయోలు నిమిషాల తరబడి తిరుగుతున్నాయంటే అది బాల్ బేరింగ్ చలవ, బరువునంతా అంచుకు చేర్చిన ఆకారం చలవ. చెక్క యోయోలో దారం నేరుగా కర్రనే రాసుకుంటుంది. 1928లో కాలిఫోర్నియాలో యోయోల తయారీ మొదలుపెట్టిన ఫిలిప్పీన్స్ మనిషి పెడ్రో ఫ్లోరెస్ దారాన్ని ఇరుసుకు ముడివేయకుండా, ఇరుసు అందులో తిరిగేలా వదులుగా ఉచ్చులా తగిలించి అమ్మాడు. స్లీప్ అన్న ఆట అలాగే జనంలోకి వచ్చింది. ఈ నాలుగింటిలోనూ ఉన్నది ఆ పద్ధతే.

మరి కర్ర తేడా ఎక్కడ తెలుస్తుందంటే, విసిరింది కాస్త వంకరగా వెళ్లినప్పుడు. టేకు వెంటనే పక్కకు ఒరిగి దారానికి రాసుకుని చచ్చిపోతుంది. ఎబొనీ ఆ వంకరను పట్టించుకోదు, నిటారుగానే నిలబడుతుంది. తిరిగే యోయోను నేల మీద దొర్లించే 'వాక్ ది డాగ్' లాంటి ఆటకు దాని అంత హాయి మరొకటి లేదు. అంచుకు చిన్న సొట్ట కూడా పడలేదు. కానీ నాకు లూపింగ్ అంటే ప్రాణం, ఆగకుండా ముందుకు విసురుతూ తిప్పుతూ ఉండాలి. అందులో ఎబొనీ ప్రతి విసురుకూ వేలిని లాగేస్తుంది. మా అక్క కొడుక్కి నేర్పిస్తుంటే వాడు కాసేపటికే, "పిన్నీ, నల్లది వద్దు, వేలు కోసుకుపోతోంది" అని మేపుల్‌ది అందుకున్నాడు. వాడు చెప్పిందే నా మాటా.

మేపుల్ చూడ్డానికి సాదాగా ఉంటుంది. లేత రంగు, చెప్పుకోదగ్గ చారలు లేవు. ఆ సాదాతనమే దాని బలం. దాని రంధ్రాలు సన్నగా, కర్రంతా సమంగా పరుచుకుని ఉంటాయి కాబట్టి ఏ ముక్క కోసినా సాంద్రత దాదాపు ఒకటే, రెండు సగాల తూకం కలపడం తేలిక. టేకులో అలా కాదు. ఏటా పెరిగే వలయంలో పెద్ద రంధ్రాల పట్టీ ఒకటి, గట్టి పట్టీ ఒకటి పక్కపక్కన వస్తాయి. వలయాలు ఒక పక్కకు ఎక్కువ చేరితే ఆ పక్క బరువెక్కుతుంది. నా టేకు యోయో వేగం తగ్గేటప్పుడు సన్నగా వణకడానికి కారణం ఇదేనని నా అనుమానం. యోయోలకు పేరుమోసిన డంకన్ కంపెనీ అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఏళ్ల తరబడి మేపుల్‌తో యోయోలు చేసిందంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

పనితనం గురించి చెప్పాలి. రెండు సగాలూ పలకలో పక్కపక్కనే ఉన్న ముక్కల నుంచి తీశాడని రోజ్‌వుడ్ చారలు చూస్తేనే తెలిసిపోతుంది, ఒక సగంలో ఆగిన ఊదారంగు గీత రెండో సగంలో కొనసాగుతోంది. దీనికి ఓపిక కావాలి. పైన నూనె, మైనం మాత్రమే పట్టించి ఇరుసును పచ్చిగా వదిలేశాడు. అదే సరైన పద్ధతి. ఇరుసుకు పాలిష్ తగిలితే దారం ఒకసారి జారుతుంది, ఒకసారి పట్టేస్తుంది. దారం కూడా నూలుదే ఇచ్చాడు. చెక్క ఇరుసు మీద పాలియెస్టర్ దారం వద్దు, రాపిడి వేడికి మెత్తబడి అంటుకుంటుంది.

రోజ్‌వుడ్ కొనేముందు ఒక్కటి అడగండి, కర్ర ఎక్కడిదని. రోజ్‌వుడ్ చెట్లుండే డాల్బర్జియా జాతి కర్రల అంతర్జాతీయ వ్యాపారం మీద 2017 నుంచి సైటీస్ (ముప్పులో ఉన్న మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే దేశాల ఒప్పందం) కింద నియంత్రణ ఉంది. ఇతను పాత సామాను ముక్కల నుంచి తీశానని చెప్పాడు, అందుకే తీసుకున్నాను. దానితో ఆడితే ఎబొనీ నిలకడలో సగం, మేపుల్ చురుకులో సగం. లోపలి గోడ మాత్రం కాస్త గరుకుగా మిగిలింది, దారం త్వరగా పీచు లేస్తోంది. సన్నటి ఇసుక కాగితంతో రుద్దాక తగ్గింది.

నాకు నచ్చనిది ఇరుసును జిగురుతో అతికించేయడం. టేకులో సహజంగా నూనె ఉంటుంది, అతికించే చోటును ముందు అసిటోన్‌తో తుడవకపోతే జిగురు సరిగ్గా పట్టదు. నా టేకు యోయో కొన్ని వారాలకే ఒక సగం ఇరుసు మీద వదులై తిరగడం మొదలుపెట్టింది. అతను తిరిగి తీసుకుని బాగుచేసి పంపాడు, మంచిగానే మాట్లాడాడు. అయినా దారం రాపిడికి ముందు అరిగేది ఇరుసే. అంత శ్రద్ధగా తీసిన ఎబొనీ పక్కలు ఏళ్లకేళ్లు ఉంటాయి, మధ్యలో పుల్ల అరిగిందని మొత్తం పారేయాలా? శాన్‌ఫ్రాన్సిస్కో దంతవైద్యుడు టామ్ కూన్ 1970ల చివర్లోనే విప్పి బిగించుకునే చెక్క యోయో చేసి, ఇరుసు మార్చుకునే వీలు కల్పించాడు. ఇతని చేతికి అది కష్టమైన పనేమీ కాదు.

మొదటిసారి కొనేవాళ్లు మేపుల్‌దే తీసుకోండి. లూపింగ్ కాకుండా స్లీప్ ఆటలే ఇష్టమైతే ఎబొనీ. టేకు మాత్రం అతను జిగురు పద్ధతి మార్చేదాకా ఆగండి. ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఇరుసు విప్పుకునేలా చేయమని అడగండి, ఎక్కువమంది అడిగితే చేస్తానని నాతో అన్నాడు.