అభిమాన సంఘాల పాత సావనీర్లు కొంటున్నారా? విశాఖలో నకిలీలు తిరుగుతున్నాయి, జాగ్రత్త

విశాఖలో పాత పత్రికలు, సినిమా అభిమాన సంఘాల సావనీర్లు (వేడుకల్లో పంచడానికి అచ్చేసే జ్ఞాపక సంచికలు) సేకరించే మిత్రులందరికీ. ఊళ్లో ఒకతను వాట్సాప్ గ్రూపుల్లో 'ఒరిజినల్ సార్, ఒక్కటే కాపీ' అని అమ్ముతున్న సావనీర్లు ఒరిజినల్ కావు. ఎవరో అభిమాని ఓపిగ్గా స్కాన్ చేసి నలుగురికీ ఉచితంగా పంచిన పీడీఎఫ్‌ని కలర్ ప్రింట్ తీసి, అంచులు నలిపి, పాతదని అంటగడుతున్నాడు. అతని పేరు ఇక్కడ రాయను, పోలీసులకిచ్చిన ఫిర్యాదులో ఉంది. ఎలాగూ గ్రూపుకో పేరుతో తిరుగుతున్నాడు కాబట్టి మనిషి కంటే సరుకుని గుర్తుపట్టడం ముఖ్యం.

నేను కొన్నది 1970ల చివరి నాటి శతదినోత్సవ సావనీరు ఒకటి, దాంతోపాటు 1960ల నాటి చందమామలు కొన్ని. అన్నీ కలిపి నాలుగు వేల ఐదు వందలు. సగం ముందే ఫోన్‌పే చేయించుకున్నాడు, మిగతా సగం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర చేతికిచ్చాను. పుస్తకాలన్నీ ప్లాస్టిక్ కవర్లలో పెట్టి చుట్టూ టేపు వేసి తెచ్చాడు. "ఇక్కడ విప్పకండి సార్, కాగితం పొడైపోతుంది, ఇంటికెళ్లి నెమ్మదిగా తీయండి" అన్నాడు. పాత కాగితం నిజంగానే పెళుసుగా ఉంటుంది కాబట్టి ఆ మాట ఎవరికైనా సబబుగానే అనిపిస్తుంది. అతని ధైర్యమంతా ఆ టేపులోనే ఉంది.

ఇంటికొచ్చి విప్పితే సావనీరు మధ్య పేజీలో పురుగు తిన్న కన్నం కనిపించింది. వేలు పెట్టి చూస్తే కన్నం లేదు! అసలు పుస్తకంలో ఉన్న కన్నం స్కాన్‌లో నల్లటి చుక్కగా పడింది, ఆ చుక్కే ప్రింటులో వచ్చింది. మడత దగ్గర తుప్పు మరక ఉంది, ఆ చోట పిన్ను మాత్రం లేదు. కొత్తగా మెరిసిపోతున్న పిన్నులు మరకకి అంగుళం కింద కొట్టి ఉన్నాయి. వెనక అట్ట లోపలివైపు టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. ఫొటో తీసి గ్రూపులో పెడితే గాజువాక మిత్రుడొకరు తన కాపీ ఫొటో పెట్టారు. అదే పేజీ, అదే మూల, అదే టీ మరక. ఆయనకీ 'ఒక్కటే కాపీ' అనే చెప్పాడట.

ఫోన్ చేస్తే మొదట "పాత వస్తువులకి రిటర్న్ ఉండదు సార్" అన్నాడు. టీ మరకల ఫొటోలు రెండూ పక్కపక్కన పెట్టి పంపాక నన్ను బ్లాక్ చేశాడు.

చందమామల సంగతి ఇంకా కడుపుమంట. లోపలి పేజీలు అసలువే, అట్టలు మాత్రం కలర్ జిరాక్సులు, జిగురుతో అతికించినవి. కశింకోటలో స్థిరపడిన మన వడ్డాది పాపయ్య గారి బొమ్మ అట్ట మీద ఉందంటే చాలామంది ఆ బొమ్మ కోసమే సంచిక కొంటారు. అసలు అట్టలు ఏ ఫ్రేముల్లోకి వెళ్లాయో ఊహించడం కష్టమేమీ కాదు. అందుకని లోపలి పేజీల ఫొటోలు చూసి నమ్మేయకండి. అట్టకీ మొదటి పేజీకీ మధ్య మడత దగ్గర వేలితో తడిమి చూడండి. జిగురు గట్టిగా తగులుతుంది.

అతను ఎక్కువగా సావనీర్లే ఎందుకు ఎంచుకుంటున్నాడంటే, వాటికి అడ్రసు లేదు. మామూలు పత్రికకి సంపుటి, సంచిక, నెల, ధర ఉంటాయి, 1956 తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు కూడా వచ్చింది, ఏ లైబ్రరీలోనో ఇంకో కాపీ దొరుకుతుంది. అభిమానులు చందాలేసుకుని వేసిన సావనీరుకి అవేమీ ఉండవు. వాళ్ల ఊరి ప్రెస్సులో కొన్ని వందలు కొట్టించి, ఫంక్షన్‌లో పంచేసి మర్చిపోతారు. పోల్చి చూసుకోడానికి రెండో కాపీ దొరకదు. ఒక్కటి మాత్రం వెతకండి. 1867 నాటి ప్రెస్ చట్టం ప్రకారం అచ్చేసిన పుస్తకం మీద ముద్రాపకుడి పేరు, ఊరు అప్పట్లో ఉండాల్సి వచ్చేది కాబట్టి చాలా సావనీర్లలో చివరి పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ప్రెస్సు పేరుంటుంది. నా కాపీలో ఆ లైను సగం కోసేసి ఉంది.

కొనేముందు చేతిలోకి తీసుకుని చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. మన ఊరి ఉప్పుగాలికి పిన్ను తుప్పు పట్టకుండా నలభై ఏళ్లు ఉండదు. తుప్పు పిన్ను చుట్టూ ఉండాలి, కాగితం అవతలి వైపుకి కూడా దిగాలి. లెటర్‌ప్రెస్‌లో, అంటే సీసపు అక్షరాలు కాగితం మీద నొక్కి వేసిన పేజీని వెనక్కి తిప్పి తడిమితే అక్షరాలు నొక్కుకున్న గుర్తు వేలికి తెలుస్తుంది. ఆఫ్‌సెట్‌లో, అంటే అక్షరం నొక్కకుండా రబ్బరు మీదుగా సిరా ఎక్కించి వేసినవాటికి ఇది తెలియదు, కాబట్టి తగల్లేదని నకిలీ అనేయకండి. అప్పుడు భూతద్దం తీయాలి. అసలు అచ్చులో నల్ల అక్షరం నిండుగా నలుపే ఉంటుంది. స్కాన్ నుంచి తీసిన కలర్ ప్రింటులో అక్షరం అంచుల చుట్టూ ఎరుపు, నీలం, పసుపు చుక్కలు కనిపిస్తాయి. నా కాపీలో సంఘం అధ్యక్షుడి సందేశం మొత్తం ఇలా రంగు చుక్కలే.

కొందరు స్కాన్ కూడా లేకుండా కొత్తగా టైపు చేసి 'పాత సావనీరు' తయారు చేస్తారు. వాళ్లు దొరికిపోయేది ప్రకటనల పేజీల్లో. 1972 ఆగస్టు 15కి ముందు పిన్‌కోడే లేదు, అంతకుముందు నాటి పుస్తకంలో 5300 తో మొదలయ్యే ఆరంకెలు ఎలా వస్తాయి? డెబ్బైల్లో విశాఖ ఫోన్ నంబరు ఏడంకెలు ఎలా ఉంటుంది? చేత్తో కంపోజ్ చేసిన కాలపు పుస్తకంలో పెళ్లి శుభలేఖల కంప్యూటర్ ఫాంటు కనిపిస్తే ఇక చెప్పేదేముంది. పాత పత్రికలైతే ధర చూడండి. 1957 ఏప్రిల్‌కి ముందు మన డబ్బు అణాల్లో ఉండేది, ఆ తర్వాత 1964 దాకా నయా పైసలు.

పునర్ముద్రణలంటే నాకు కోపం లేదు. జిరాక్స్ కాపీ అని చెప్పి వంద రూపాయలకి ఇస్తే నేనే సంతోషంగా కొనేవాణ్ణి, చదువుకోడానికి అదీ చాలు. జిరాక్స్‌కి ఒరిజినల్ రేటు వసూలు చేయడం, పైగా ఎవరో ఉచితంగా పెట్టిన స్కాన్‌తో చేయడం, ఇది వేరే లెక్క.

అడ్వాన్స్ అడిగితే ముందు వీడియో కాల్‌లో పేజీలు తిప్పి చూపించమనండి. ఫొటోలు చాలవు, ఎందుకంటే అతను పంపేవి ఆ స్కాన్ పేజీలే. పేజీని లైటుకి ఎదురుగా పట్టమనండి, కన్నమైతే వెలుతురు వస్తుంది. కవరు విప్పనంటే డబ్బు జేబులోనే ఉంచుకోండి. ఫోన్‌లో ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.

మీ దగ్గర కూడా అదే టీ మరక ఉన్న సావనీరు ఉంటే పారేయకండి, ఇంకొకరికి అమ్మకండి. చాట్ స్క్రీన్‌షాట్లు, పేమెంట్ రసీదు, కవరుతో సహా దాచండి. గాజువాక మిత్రుడూ నేనూ కలిసి ఇచ్చిన ఫిర్యాదుకి మీదీ జత చేస్తాం. గ్రూపులో నాకు మెసేజ్ పెట్టండి.