విమానం రెక్కకు ఎపాక్సీ వార్నిష్: కొన్ని వానాకాలాలు గడిచాక

ఇంట్లో కట్టిన పాత చెక్క విమానం రెక్కను హనుమకొండ శివారు షెడ్డులో విప్పి, మళ్లీ కట్టాం. లోపలి చెక్కంతటికీ రెండు డబ్బాలు కలిపి వాడే ఎపాక్సీ వార్నిష్ పూశాం. మొన్న తనిఖీ రంధ్రాల్లోంచి టార్చి వేసి చూశాక ఇది రాస్తున్నాను.

ముందు చెక్క సంగతి. మా వడ్రంగి మేస్త్రి మొదటిరోజే అడిగాడు: "ఆదిలాబాద్ టేకు చేతికందే దూరంలో ఉండగా పైదేశం చెక్క ఎందుకు సార్?" తలుపులకైతే ఆయన మాటే సరి. కానీ టేకు ఘనపు మీటరుకు దాదాపు 650 కిలోలు తూగుతుంది, విమానాలకు వాడే సిట్కా స్ప్రూస్ 400 పైచిలుకు మాత్రమే. పైగా టేకులోని నూనె జిగురును సరిగా పట్టనివ్వదు. స్ప్రూస్ ధర చూసి, మరో పైదేశం చెక్క డగ్లస్ ఫర్‌కు దిగాం. బలంలో అది స్ప్రూస్‌కు తీసిపోదు, బరువు మాత్రం ఎక్కువ. చిత్రిక పట్టేటప్పుడు చీలే గుణం కూడా ఉంది.

డిపోలో తెచ్చిన పలకల్లో సగానికి పైగా పక్కన పెట్టేశాం. ముడులు లేకపోతే చాలదు, చెక్కలోని పోగు (నార) ఎంత వాలుగా నడిచిందో చూడాలి. నునుపు చేసిన పలక మీద పెన్ను ఇంకు ఒక చుక్క వేస్తే అది పోగు వెంటే సన్నగా పాకుతుంది. ఆ గీత 15 అంగుళాల పొడవులో అంగుళానికి మించి పక్కకు జరిగితే ఆ పలక, రెక్క పొడవునా ఉండి బరువు మోసే ప్రధాన దూలమైన స్పార్‌కు పనికిరాదు. ఈ పరీక్ష చూశాక మేస్త్రి టేకు మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక వార్నిష్. దీనికి మంచి మార్కులే ఇస్తాను. రెక్క మీద కప్పే గుడ్డను బిగించడానికి పూసే డోపు అనే ద్రవం తగిలితే మామూలు వార్నిష్ మెత్తబడి పొక్కుతుంది, ఇది చెక్కుచెదరలేదు. చెక్క చివరలు పక్కల కన్నా ఎన్నో రెట్లు వేగంగా నీరు పీలుస్తాయి కాబట్టి అక్కడ తాగినంత తాగనిచ్చి, మళ్లీ మళ్లీ పూశాం. బోల్టు రంధ్రాల్లోకి పుల్లకు చుట్టిన దూదితో ఎక్కించాం. తేమ చేరితే ముందుగా బోల్టుల చుట్టూ నల్లటి మరక పడుతుంది. మొన్న ఆ మరక ఎక్కడా కనిపించలేదు. జిగురు పట్టాల్సిన చోట మాత్రం ముందే టేపు వేసి ఉంచాలి, వార్నిష్ మీద పెట్టిన అతుకును నమ్మలేం.

చిరాకులూ ఉన్నాయి. వరంగల్ మే నెలలో గిన్నె నిండా కలిపితే బ్రష్షు ముంచేలోపే వేడెక్కి గడ్డకడుతుంది, కొద్దికొద్దిగా కలుపుకోవాల్సిందే. పొద్దున పూస్తే, ఎండ ఎక్కేకొద్దీ చెక్కలోని గాలి వ్యాకోచించి పూతలో బుడగలు లేపుతుంది. అందుకే వేడి తగ్గే సాయంత్రాలే పూశాం. వానల్లో పూత మీద మైనంలాంటి జిడ్డు పొర తేలుతుంది, దాన్ని నీళ్లతో కడిగి ఆరబెట్టకుండా రెండో పూత వేస్తే పట్టదు. డబ్బా మీద ఈ ముక్క ఒక్క అక్షరం రాయలేదు. గట్టిపరిచే ద్రవం చర్మానికి దురద తెప్పిస్తుంది, చేతి తొడుగులు తప్పనిసరి.

ఇంకో రెక్క కడితే లోపలికి మళ్లీ ఇదే కొంటాను. ఎండ తగిలే చెక్కకు మాత్రం దీన్నొక్కదాన్నే వాడకండి, పైన ఎండను ఆపే పూత లేకపోతే ఇది పొడిబారి రాలిపోతుంది.