మహిమల గుట్టు విప్పే ప్రదర్శన: ప్రయోగాలు బాగు, ప్రశ్నోత్తరాలే చెడ్డాయి

మా గ్రంథాలయ సంఘం పిలుపు మీద జిల్లా కేంద్రం నుంచి ఒక హేతువాద సంఘం వారు వచ్చి, సంక్రాంతి సెలవుల్లో మా ఊరి హైస్కూలు ఆవరణలో మహిమల గుట్టు విప్పే ప్రదర్శన ఇచ్చారు. ప్రయాణ ఖర్చులూ రాత్రి భోజనమూ తప్ప వారు మా నుంచి ఏమీ పుచ్చుకోలేదు. ఇలాంటి కార్యక్రమాన్ని తమ ఊరికి పిలవాలనుకునే వారికి ఉపయోగపడుతుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ప్రయోగాల భాగం నేను చూసిన విజ్ఞాన కార్యక్రమాలన్నింటిలోకీ మెరుగ్గా ఉంది. ఆ తరువాతి ప్రశ్నోత్తరాలు మాత్రం చెడ్డాయి. భక్తులు నాస్తికత్వాన్ని చూసి ఎందుకు కలవరపడతారో మాట్లాడిన వారికి బొత్తిగా పట్టకపోవడమే అందుకు కారణం.

ప్రయోగాల్లో తొందర లేదు, దాపరికం లేదు. నిమ్మకాయ కోసి నెత్తురు చూపించి, అది చేతబడికి గుర్తని భయపెట్టి డబ్బు గుంజే పద్ధతిని ముందు ఉన్నదున్నట్టు చేసి చూపారు. జనం ఉలిక్కిపడ్డాక, కత్తికి మందార రేకులు రుద్ది ఆరబెట్టామని, నిమ్మ పులుపు తగలగానే ఆ రసం ఎర్రబడుతుందని వివరించి, ఎనిమిదో తరగతి అమ్మాయి చేతికి కత్తీ పువ్వూ ఇచ్చి మళ్లీ చేయించారు. మంత్రం చదివి నెయ్యి పోయగానే హోమగుండం దానంతటదే అంటుకోవడం వెనుక ఉన్నవి పొటాషియం పర్మాంగనేటూ, నెయ్యి పేరుతో పోసిన గ్లిసరినూ. దీన్ని ఇంట్లో చేయకూడదని పిల్లలను గట్టిగా హెచ్చరించడం నాకు నచ్చింది. 1995 సెప్టెంబరు 21న వినాయకుడు పాలు తాగుతున్నాడని దేశమంతా గుళ్ల ముందు బారులు తీరిన సంగతి గుర్తుచేసి, రంగు కలిపిన పాలు తలతన్యత (ద్రవం పైపొరకుండే బిగువు) వల్ల చెంచా నుంచి రాతి మీదికి పాకి సన్నని పొరగా జారిపోవడాన్ని దగ్గరగా చూపారు. గుండం తొక్కడం గురించి చెప్పినప్పుడు అమ్మవారి జాతరలతో పాటు పీర్ల పండుగనూ తీసుకున్నారు, స్వస్థత కూటాలనూ వదల్లేదు. ఒక్క మతాన్నే వేలెత్తి చూపలేదు కనుక అంతవరకు ఎవరూ నొచ్చుకోలేదు.

చిక్కంతా ఆ తరువాతే. మైకు అందుకున్న యువకుడు, “ఇప్పుడు చెప్పండి, దేవుడున్నాడా?” అని సభను అడిగాడు. మందార పువ్వు రహస్యం తెలిసినంత మాత్రాన ఆ ప్రశ్న తేలదు. రామాలయ ధర్మకర్త, ఆయన వెంటనే చర్చి పాస్టరు లేచి, దేవుడి భయం పోతే మనిషిని ఆపేదేముంటుందని ఒకే మాటగా అడిగారు. చివరికి మా వీధిలో ఉండే ఒక పెద్దామె లేచి, “నా బిడ్డ పోయిననాడు ఆ వేంకటేశ్వరుణ్ణి పట్టుకునే బతికాను నాయనా. ఆయనే లేడంటే ఇన్నేళ్లూ ఎవరితో చెప్పుకొని ఏడ్చినట్టు?” అంది. “అది మీ మానసిక బలహీనతమ్మా” అన్నాడతడు. సగం సభ లేచిపోయింది.

ఆ జవాబు క్రూరమైనది, పైగా తప్పు. గాఢమైన భక్తి ఉన్న ఇళ్లలో పేరు పెట్టడం నుంచి తలకొరివి దాకా బతుకంతా దేవుడి చుట్టూ అల్లుకొని ఉంటుంది. కొడుకు నాస్తికుడయ్యాడని తెలిసిన తండ్రికి తర్కం తరువాత తడుతుంది. తన కర్మ ఎవరు చేస్తారు, తద్దినం ఎవరు పెడతారు, కూతురికి సంబంధం కుదురుతుందా అన్న బెంగ ముందు పుడుతుంది. క్రైస్తవ, ముస్లిం కుటుంబాల్లో బిడ్డ పరలోకంలో తమకు దూరమవుతాడన్న దుఃఖం కూడా తోడవుతుంది.

ధర్మకర్త గారి సందేహమూ కొత్తది కాదు. మత సహనం కోసం వాదించిన ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ సైతం, దేవుణ్ణి నమ్మనివాడి ప్రమాణానికి కట్టుబాటు ఉండదంటూ 1689లో నాస్తికులను ఆ సహనానికి వెలుపలే ఉంచాడు. 2017లో వెలువడిన, మన దేశంతో సహా 13 దేశాల్లో 3,000 మందికి పైగా పాల్గొన్న ఒక అధ్యయనంలో, ఘోరమైన నేరం చేసినవాడు నాస్తికుడై ఉంటాడని ఊహించే ధోరణి బలంగా కనిపించింది. నాస్తికుల్లో కూడా అది ఉందని తేలడం నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది. ఇంత లోతున పాతుకున్న అనుమానం ఒక సాయంత్రపు వాదనతో పోదు. అలాగని భక్తుల కలవరం పేరుతో జరిగే హింసకు సమర్థన లేదు; మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపడం హత్యే.

వాదన ఒక్కటే చాలదన్న సంగతిని మన ప్రాంతపు నాస్తికోద్యమం ఎప్పుడో గ్రహించింది. గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావు, ఆయన భార్య సరస్వతీ గోరా 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో విజయవాడ పటమటకు మార్చారు. 1941లో గోరా రాసిన ఉత్తరానికి గాంధీజీ నాస్తికత్వాన్ని ఖండిస్తూ జవాబిచ్చి, కలవడానికి తీరిక లేదన్నారు. అంటరానితనం మీద గోరా చేస్తున్న పని తెలిశాక ఆయనే సేవాగ్రామంలోని తన ఆశ్రమానికి రానిచ్చారు. గోరా కుమార్తెకు దళిత యువకుడితో పెళ్లి జరిపించడానికి ఒప్పుకొని, ప్రమాణంలో దేవుడి పేరుకు బదులు సత్యాన్ని ఉంచడానికీ సమ్మతించారు. గాంధీజీ హత్య తరువాత ఆ పెళ్లి 1948 మార్చిలో సేవాగ్రామంలోనే జరిగింది. అంతటి రామభక్తుడికి నాస్తికుడి మీద గురి కుదిరింది వాదన వల్ల కాదని, పని వల్లనేనని నా నమ్మకం.

వచ్చిన బృందంలోనూ ఆ తీరు మనిషి ఒకరున్నారు. విశ్రాంత సైన్సు మాస్టారొకరు మైకు తీసుకొని, “అమ్మా, మీ దుఃఖం మీద తీర్పు చెప్పే హక్కు మాకు లేదు. దాన్ని సొమ్ము చేసుకునే వాళ్ల గురించి హెచ్చరించడానికే వచ్చాం” అన్నారు. మిగిలినవారు ఆ తరువాత కదలకుండా విన్నారు, పాస్టరు గారితో సహా.

ప్రయోగాలకు అయిదుకు అయిదు, ప్రశ్నోత్తరాలకు రెండు మార్కులు వేస్తాను. పిలిచేవారు గుడి, చర్చి, మసీదు పెద్దలకు ముందుగా కబురు పెట్టి ముందు వరుసలో కూర్చోబెట్టాలి. ప్రశ్నలకు జవాబు చెప్పే బాధ్యత అనుభవజ్ఞుడికే అప్పగించాలని ఫోనులోనే మాట తీసుకోవాలి. ఆ షరతు మీద వచ్చే వేసవిలో ఇదే బృందాన్ని మళ్లీ పిలవాలని మా సంఘం తీర్మానించింది.