కత్తులకు పూసే యాంటీ స్కేల్ పొడి ఆన్‌లైన్లో కొంటున్నారా, ఆగండి! 1,450 పెట్టి నేను సుద్ద కొన్నా

అన్నలూ, తిరపతి చుట్టుపక్కల కత్తులు చేసేవాళ్లం ఇప్పుడు కొంచెం మందిమి అయినాము కదా, అందుకే రాస్తా ఉన్నా, నాకు జరిగింది ఇంకొకరికి జరగకూడదు.

మా మేనమామకు మటన్ కొట్టు ఉంది, మూడు కత్తులు చెయ్యరా అల్లుడా అన్నాడు. లారీ కమాన్ పట్టీ తెచ్చి కోసి, గ్రైండింగ్ చేసి, వారం రోజులు పట్టింది. కత్తి గట్టిపడాలంటే ఎర్రగా కాల్చి ఆయిల్లో ముంచాల, అదే హీట్ ట్రీట్‌మెంట్. కాల్చేదానికి నాది చిన్న కరెంటు ఫర్నేస్. గ్యాస్ కొలిమిలో అయితే మంటను కొంచెం గ్యాస్ ఎక్కువ పెట్టి నడిపితే లోపల గాలి తగ్గుతుంది, కరెంటు దాంట్లో ఆ వీలు లేదు, లోపల ఉండేదంతా మామూలు గాలే, 830 డిగ్రీల్లో ఇనుము ఆ ఆక్సిజన్ని పట్టుకుని నల్లగా పెచ్చులు కట్టేస్తుంది, స్కేల్ అనేది దీన్నే. పెచ్చులు ఊడగొట్టొచ్చు, వెనిగర్లో రాత్రంతా నానేస్తే పోతాయి, అది పెద్ద బాధ కాదు. అసలు నష్టం ఏందంటే దాంతోపాటు పైపొరలో కార్బన్ కూడా కాలిపోతుంది, కార్బన్ లేని పొర ఎంత క్వెంచ్ చేసినా, అంటే ఆయిల్లో ముంచి చల్లార్చినా, గట్టిపడదు.

అందుకని ఆన్‌లైన్లో ఒక పొడి చూసినా. "హీట్ ట్రీట్‌మెంట్ యాంటీ స్కేల్ కోటింగ్, ఇంపోర్టెడ్", అర కిలో 1,450 రూపాయలు. రివ్యూలన్నీ ఐదు చుక్కలే, అన్నీ "సూపర్ ప్రోడక్ట్" అనే ఒకే మాట, అక్కడే అనుమానం రావాల్సింది నాకు. డబ్బా మీద దేంతో చేసినారో లేదు, ఎన్ని డిగ్రీల దాకా పనిచేస్తుందో లేదు. నీళ్లలో కలిపి పూసి, ఆరబెట్టి, ఫర్నేస్‌లో పెట్టమన్నారు, అట్లే చేసినా.

బయటికి తీస్తే కత్తుల మీద తెల్లగా పొట్టు, అది గీరితే కింద ఎప్పటికంటే మందంగా స్కేల్. ఆయిల్లో ముంచి చల్లారినాక ఆకురాయితో రుద్దినా. గట్టిపడిన స్టీల్ మీద ఆకురాయి జారిపోవాల, ఇక్కడ కరకరా కొరికేసింది. పైపొర గ్రైండ్ చేసేస్తే కింద స్టీల్ మంచిగానే ఉంది, రెండు కత్తులు అట్ల బతికినాయి. మూడోదానికి నేను అంచు ముందే అర మిల్లీమీటరుకు పల్చగా తీసేసి ఉన్నా, గ్రైండ్ చేసేదానికి స్టీలే మిగల్లేదు. అది నా తప్పే, హీట్ ట్రీట్‌మెంట్‌కు ముందు అంచు ఒక మిల్లీమీటరన్నా వదలాల.

కోపంతో ఆ పొడి ఏందో చూద్దామని వెనిగర్ చుక్క వేస్తే బుసబుసా పొంగింది. నీళ్లలో వేస్తే కరగలేదు, అడుక్కి పోయింది. ఇంకొంచెం మూకుట్లో వేసి ఫర్నేస్‌లో 900 దగ్గర గంట కాల్చి, చల్లారినాక నీళ్లు చిలకరిస్తే సుయ్యిమని వేడెక్కింది. అంటే అది సుద్ద, కాలి సున్నం అయింది సామీ! మా అమ్మ వాకిట్లో వేసే ముగ్గుపిండి కూడా వెనిగర్‌కి అట్లే పొంగింది, అమ్మ అయితే నవ్వి నవ్వి చచ్చింది. సుద్ద కరిగి గాజులాగా పొర కట్టదు, పైగా ఆ వేడిలో కార్బన్ డై ఆక్సైడ్ వదుల్తుంది, అది కూడా వేడి ఇనుముని తినేదే.

స్కేల్ ఆపాలంటే ఇనుముకి గాలి తగలకుండా కరిగి అతుక్కునే పొర కావాల. కంసాలోళ్లు వాడే వెలిగారం (బోరాక్స్) 740 చిల్లర డిగ్రీల్లో కరుగుతుంది, క్యారమ్ బోర్డు మీద చల్లుకునే బోరిక్ పౌడరు ఇంకా ముందే. మిగిలిన కమాన్ ముక్క మీద ఒక పక్క వెలిగారం వేడినీళ్లలో కరిగించి పూసినా, ఒక పక్క ఈ పొడి, మధ్యలో ఏమీ లేకుండా వదిలేసినా. వెలిగారం పక్క పొర ఆయిల్లో ముంచగానే చాలావరకు చిట్లి ఊడింది, మిగిలింది మరిగే నీళ్లలో పోయింది, కింద బూడిదరంగు స్టీల్. పొడి పక్కకీ ఖాళీ పక్కకీ తేడానే లేదు. వెలిగారానికి నూరు రూపాయలు కూడా కాలేదు. ఒకటే జాగ్రత్త, అది కారితే ఫర్నేస్ ఇటుకని తినేస్తుంది, కింద పాత రేకు పెట్టండి.

బోరిక్ అని చెప్పి ఎవరన్నా అమ్మితే, చిటికెడు స్పిరిట్‌లో కలిపి ఆరుబయట మూతలో ముట్టించి చూడండి, మంట అంచు ఆకుపచ్చగా రావాల.

అమ్మినాయన్ని అడిగితే "మీ ఫర్నేస్‌లో ఆక్సిజన్ ఎక్కువ సార్" అంటాడు. ఆక్సిజన్ ఉందనే కదప్పా నీ పొడి కొనింది! వెనిగర్ వీడియో పంపితే కెమికల్ ఐటమ్స్ రిటర్న్ లేదు అని బ్లాక్ చేసినాడు. ఆ వీడియో, బిల్లు, డబ్బా ఫోటోలు పెట్టుకుని కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ పెట్టినా, ఏమన్నా తేలితే ఇక్కడే రాస్తా. నిన్న చూస్తే అదే పొడి డబ్బా రంగు మార్చి 1,650కి పెట్టి ఉన్నారు, ఈసారి పేరు చివర "ప్రో" అని కూడా తగిలించినారు.